గోడకేసి తిరగండి

1966 జూన్ 15, బుధవారం

ఇవాళ కూడా వంకాయలే.

ఖరగ్‌పూర్ గోల్ బజార్లో బంగాళాదుంపల వైపు వేలు చూపించాను. కొట్టతను పక్కనున్న వంకాయలు తూకంలో వేశాడు. కాదు అనాలి. ఒక్క మాట. అతను పోస్తుంటే నేను సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

అత్త సంచి దులిపి చూసి, "మూణ్ణాళ్ళనుంచీ ఇయ్యే కదే పిల్లా! నీ నోట్లో ఏటున్నాది, బియ్యం పోసుకున్నావేటి?" అంది. అని తనే నవ్వి, వంకాయలు కోసింది. అత్త తిట్టినా మనసులో పెట్టుకునేలా తిట్టదు.

యూనియన్ వాళ్ళిచ్చిన ఈ డైరీ ఆయనకు అక్కర్లేదంటే నేను తీసుకున్నాను. అయిదో తరగతి దాకా చదివింది మరిచిపోకుండా ఉంటుంది. అత్తకు అక్షరం రాదు. ఆయనకు తీరిక లేదు. కాబట్టి ఇందులో గట్టిగా మాట్లాడొచ్చు.

ఆయన నిన్న గూడ్సు ఇంజను మీద వెళ్ళారు. ఫైర్‌మన్ పెళ్ళాం గడియారం వంక చూడకూడదని అత్త అంటుంది. చూడటం లేదు.

జూన్ 16

చూశాను.

జూన్ 22

అత్త నన్ను మహిళా క్లాసుకు తీసుకెళ్ళింది. మా రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంటు ఆడవాళ్ళందరూ బుధవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్తారు. స్వర్ణకుమారి టీచరు నడుపుతారు. కుట్టుపని, నాలుగక్షరాలు, పిల్లల ఆరోగ్యం చెబుతారు. "నలుగుర్లో కూకుంటే నీ నోరైనా ఇప్పుతావు" అంది అత్త.

మా వైపు అత్త కూర్చున్న చాప మీద కోడలు కూర్చోదు. ఖరగ్‌పూర్ వచ్చినా, చాప మారినా అంతే. అత్త ముందు వరసలో కూర్చుంది కాబట్టి నేను అందరి వెనక, తలుపు దగ్గర కూర్చున్నాను. నా పక్కన దాలమ్మ పిన్ని ఉంది. ఆవిడ కళ్ళలో పొరలు కమ్మాయి. ఎక్కడ కూర్చున్నా ఒకటేనని గోడకు ఆనుకోవడానికి వెనక్కి వస్తుందట.

మా ఇద్దరి మధ్య బల్ల మీద బొమ్మల మిషను. ముందు ఒక గాజు కన్ను, లోపల బల్బు, పక్కన తిప్పే బిళ్ళ. రీలు బిళ్ళతో తిప్పితే గోడ మీద బొమ్మ పడుతుంది. సినిమాలా కదలదు. ఒక బొమ్మ నిలబడుతుంది, తర్వాత ఇంకొకటి. కిటికీలకు టార్పాలిన్ కట్టి గది చీకటి చేశారు.

టీచరు మిషను దగ్గర నిలబడి, టార్చి వేసుకుని, హిందీలో అచ్చేసిన కాగితం చూసి తెలుగులో చెప్పారు. "చిత్రం ఒకటి. పరిశుభ్రమైన నీరు ఆరోగ్యానికి మూలం. చిత్రం రెండు." మూడో చిత్రానికి ముందు వరసలో ఎవరో గురక పెట్టారు. అత్త అనుకుంటాను.

దీపాలు వేశాక టీచరు అన్నారు: "ఈ మిషను మనకు ఊరికే ఇచ్చింది కాదమ్మా. ఆగస్టులో రైల్వే ఆఫీసు నుంచి వెల్ఫేర్ బాబు వచ్చి చూస్తారు. పనికొస్తుందంటే ఇక్కడుంటుంది. లేదంటే చక్రధర్‌పూర్ క్లాసుకు పంపేస్తారు."

"పంపీమనండి టీచరమ్మా. చీకట్లో నిద్దర బాగా పడతన్నాది, అదొక్కటే నట్టం" అంది దాలమ్మ పిన్ని.

జూన్ 29

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

పోయిన వారం రీలును టీచరు వెనక్కి చుట్టలేదు. ఇవాళ మిషను వేయగానే చివరి బొమ్మ పడింది. నవ్వుతున్న పిల్లాడు. ఆవిడ కంగారుగా వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. ఒక్కొక్క బొమ్మా వెనకనుంచి ముందుకు వస్తోంది. కాగితంలో చిత్రం ఒకటి అని ఉంది, గోడ మీద చివరిది ఉంది. ఆవిడ కాగితం తిరగేశారు, మరగేశారు, ఊరుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో దాలమ్మ పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. "ఏటే అది?"

చెవిలో చెప్పాను. "పిల్లాడు నవ్వుతున్నాడు పిన్నీ."

"ఆఁ?" ఆవిడకు చెవీ అంతంతే.

"పిల్లాడు నవ్వతన్నాడు!"

బొమ్మ మారింది. "ఇప్పుడేటి?"

"ఆడి తల్లి. ముక్కుపుడక పెట్టుకున్నాది. బిందెతో నీళ్ళు తెత్తన్నాది."

"ఏ నీళ్ళు?"

"నూతి నీళ్ళు. నూతి పక్కనే గేదెని కడగతన్నారు. ఆ నీళ్ళే నూతిలోకి జారతన్నాయి. ఈవిడ సూణ్ణేదు, ఎనక్కి తిరిగి ఎవరితోనో మాటాడతన్నాది."

"ఓలమ్మ! అయ్యే తెచ్చి పిల్లోడికిచ్చినాదా?"

"ఇచ్చినాది."

ముందు వరసలో ఎవరో "అయ్యయ్యో" అన్నారు. అప్పుడు తెలిసింది, గది మొత్తం వింటోందని. ఆగిపోవాల్సింది. కానీ ఎవరూ నా వైపు తిరగలేదు. అన్ని తలలూ గోడ వైపే ఉన్నాయి. వెనకనుంచి చూస్తే సిగలు మాత్రమే. సిగలకు భయపడేదేముంది? బొమ్మ మారింది, పిల్లాడు మంచంలో ఉన్నాడు, చెప్పాను. ఇంకోటి మారింది, డాక్టరు వచ్చాడు, చెప్పాను. కాగితంలో పిల్లాడికి ముందు జబ్బు చేసి చివర బాగవుతుందట. నేను వచ్చిన వరసలో చెప్పాను. నవ్వుతూ ఉన్నవాడే పడిపోయాడు.

దీపాలు వేయగానే అందరూ వెనక్కి తిరిగారు. నేను మిషను బల్ల కిందకు వంగి చెప్పులు వెతుక్కున్నాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

జూన్ 30

నేను క్లాసులో మాట్లాడలేదు. దాలమ్మ పిన్నికి చెప్పానంతే.

జూలై 6

మళ్ళీ దాలమ్మ పిన్నికి చెప్పాను. ఈసారి టీచరు కావాలనే కాగితం మడిచి జాకెట్లో పెట్టేసుకున్నారు. బిళ్ళ తిప్పడమే ఆవిడ పని. కాగితంలో ఉన్న ముఖ్యమైన ముక్క నా చెవిలో ఊదుతారు, దాన్ని నేను నా మాటల్లో పెడతాను. "నీళ్ళు మరిగించి చల్లార్చాలి" అని ఊదారు. ముక్కుపుడకావిడ పొయ్యి దగ్గరకు వెళ్ళినట్టు చెప్పాను.

ఇంటికి వస్తుంటే అత్త మామూలుగానే ఉంది. చీకట్లో మాట్లాడింది నేనని తెలియలేదు. ఇంట్లో నా గొంతు అలా ఉండదు కదా.

జూలై 13

ముక్కుపుడకావిడకు ఒక అత్తను పెట్టాను.

బొమ్మలో లేదు. కానీ నీళ్ళు మరిగించడానికి కోడలు కట్టెలు ముట్టిస్తే ఊరుకునే ఇల్లుంటుందా? "నీళ్ళు కాసుకుని తాగతారేటే, మేం తాగలేదా, మేం సచ్చిపోనామా" అని పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసిందని చెప్పాను. గది గదంతా నవ్వింది. ముందు వరసలో అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్త.

టీచరు నా చెవిలో, "కాగితంలో అత్తగారు లేరమ్మాయ్" అన్నారు. కోపంగా కాదు, ఆవిడా నవ్వుతున్నారు. "మా అత్తగారు ఉన్నారు గానీ ఆవిడ చదువుకున్నది, పొయ్యిలో నీళ్ళు పోయదు. నేను రాత్రి పుస్తకం పట్టుకుంటే దీపం ఆర్పుతుంది."

జూలై 14

పొద్దున్న లేచేసరికి అత్త పెద్ద తపేలాలో నీళ్ళు మరిగిస్తోంది.

"ఎందుకత్తా?" అన్నాను.

"సీకట్లో ఎవరో సెప్పినారు కదే." కట్టె ఎగదోసింది. "ఆ బొమ్మలో అత్త నాకు కనపణ్ణేదు. ఎక్కడున్నాది?"

"పొయ్యెనక."

"అవునా. ఆ అత్త మరీ గయ్యాళిది. వొచ్చే బుదోరం కాత్త మంచిగుంటే బాగుంటాదని ఆ సెప్పినోళ్ళకి సెప్పాల."

సరేనన్నాను. ఇంకా తెలియలేదు, నయం.

జూలై 20

ఒకటే వాన. అయినా ఎవరూ మానలేదు. దూరాన ఉన్న తాల్‌బగీచా పేట నుంచి కూడా ఇద్దరు ముగ్గురు గొడుగులేసుకుని వచ్చారు. చాపలు చాలక గోనెలు పరిచారు. బొమ్మలో అత్తకు బుద్ధి వచ్చినట్టు చెప్పాను. మా అత్త తృప్తిగా కాళ్ళు జాపుకుంది.

ఆయన వచ్చారు. బొగ్గు కడుక్కుంటూ, "పోలమ్మ కోడలు సినిమా ఆడిత్తన్నాదంట గదా, లోకో షెడ్లో సెప్పుకుంటన్నారు. ఎవులా పోలమ్మ?" అన్నారు.

"ఏమో" అన్నాను.

"మాయమ్మ పేరూ పోలమ్మే."

సబ్బు ఆయన చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను. లోపలికి వచ్చాక మాత్రం నవ్వాపుకోలేకపోయాను.

జూలై 27

నవ్వు పోయింది.

వెల్ఫేర్ బాబు వచ్చే బుధవారమే వస్తున్నారట. ఆయన వచ్చినప్పుడు గది వెలుగ్గా ఉంటుందేమో, ఒకసారి దీపాలు ఆర్పకుండా చెప్పి చూడమన్నారు టీచరు. అందరూ వెళ్ళిపోయాక ఆవిడా, దాలమ్మ పిన్నీ మాత్రమే ఎదురుగా కూర్చున్నారు. ఒకావిడకు కళ్ళు కనపడవు, ఇంకో ఆవిడ నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. నిలబడ్డాను. టీచరు కళ్ళద్దాలు కనపడ్డాయి. అంతే. వంకాయల కొట్టు ముందు నిలబడ్డట్టే ఉంది.

"పర్లేదులే పైడితల్లీ, మిషను ఉంటుంది కదా, చీకటి చేస్తాం" అన్నారు టీచరు.

మిషను ఉంటేనే నేను. అది చక్రధర్‌పూర్ వెళ్తే నా మాటలు కూడా ఆ పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోతుంది. అప్పుడు మళ్ళీ సంచి నోరు తెరిచి పట్టుకోవడమే.

ఆగస్టు 3

అంతా వరసగా రాస్తాను. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

అందరం ముందే వెళ్ళి టార్పాలిన్లు కట్టాం. అత్త ముతక చీర కట్టుకోకుండా నేత చీర కట్టుకుంది. టీచరు మీట నొక్కారు. మిషను కన్ను తెరిచింది, టప్‌మంది, కాలిన వాసన వచ్చింది. బల్బు పోయింది. ఆ బల్బు ఇక్కడ దొరకదు, కలకత్తా నుంచి రావాలట. టీచరు కిటికీ టార్పాలిన్ తీసేసి కుర్చీలో కూలబడ్డారు. గది నిండా పట్టపగలు.

"పైడితల్లీ, బొమ్మలు లేకుండానే చెప్పవే. నీకు అన్నీ నోటికొచ్చు కదా. బాబు వచ్చేస్తారు."

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. అన్ని మొహాలు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నాకు ఏడుపు వచ్చిందని రాయడానికి సిగ్గేముంది, వచ్చింది.

అప్పుడు మా అత్త లేచింది.

"ఏటే, అందరూ అలగ సూత్తన్నారు? పెళ్ళికూతుర్నేటి సూడ్డానికొచ్చినారు? దాని మొకంలో ఏటున్నాదని? బొమ్మలు గోడ మీద కదా పడేది! గోడకేసి తిరగండి!"

"గోడ మీద ఏటీ నేదు కదా పోలమ్మొదినా" అన్నారెవరో.

"నీకు నేదేమో. నాకు గేదె కనపడతన్నాది. తిరుగు!"

అందరూ తిరిగారు. మళ్ళీ సిగలే మిగిలాయి. అత్త కూడా కూర్చుని, తల తిప్పకుండా, మెల్లగా అంది: "ఊఁ. సెప్పే కోడలా. నా అత్తని మాత్రం మంచిగా సెప్పు."

మొదటిరోజు నుంచీ తెలుసన్నమాట.

దాలమ్మ పిన్ని మోచేత్తో పొడిచింది. "ఏటే అది?"

"పిల్లాడు పిన్నీ. నవ్వతన్నాడు."

మొదలైంది. టీచరు లేచి మిషను దగ్గర నిలబడి, వెలగని మిషను బిళ్ళ తిప్పసాగారు. టిక్కుమన్నప్పుడల్లా నేను తర్వాతి బొమ్మకు వెళ్ళాను. నూతి దగ్గరకు వచ్చేసరికి ముందు వరసలో ఒకావిడ చెయ్యి చాపి, "అదిగో, అక్కడే జారతన్నాయి నీళ్ళు" అని ఉత్త సున్నం గోడను చూపించింది. పక్కావిడ, "కాదే, ఆ పక్కన" అంది.

తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినలేదు నేను. వెల్ఫేర్ బాబు వచ్చి నా వెనకే నిలబడ్డారట. పట్టపగలు, తలుపు తెరిచి, గది నిండా ఆడవాళ్ళు ఖాళీ గోడను చూస్తూ "అయ్యో, అయ్యో" అంటున్నారు.

"ఛోబి కోథాయ్?" అన్నారాయన. బొమ్మ ఎక్కడని.

అత్త తల తిప్పలేదు. "చుప్ కొరో బాబూ, దేఖ్‌ఛి" అంది. నోరు మూసుకో, చూస్తున్నాం అని. ఎవరితో అందో తర్వాత తెలిసి, భయం దిగడానికి అత్త మజ్జిగ తాగాల్సొచ్చింది.

ఆయన నోరు మూసుకున్నారు. నేను ఆపితే మళ్ళీ నోరు రాదని తెలిసి ఆపలేదు. పిల్లాడు కోలుకునేదాకా చెప్పాను. అయిపోయాక ఆయన చప్పట్లు కొట్టారు. టీచరు చేత అందరినీ ప్రశ్నలు అడిగించారు. నీళ్ళు ఎంతసేపు మరిగించాలి, నూతికి గట్టు ఎందుకు, ఒకటీ తప్పలేదు. టీచరుతో హిందీలో ఏదో అన్నారు. టీచరు మొహం వాడిపోయింది.

"ఏటంటన్నాడు?" అంది అత్త.

"చాలా బాగా చెప్తున్నారంట. మిషను లేకుండానే ఇంత బాగా చెప్తుంటే మనకెందుకు, చక్రధర్‌పూర్లో చెప్పేవాళ్ళు లేరు, అక్కడికి పంపిద్దాం అంటున్నారు."

గెలిచినందుకు పోగొట్టుకున్నట్టయింది. దాలమ్మ పిన్ని "ఇదేటి నాయం" అని గొణిగింది. ఎవరో ఒకరు చెప్తారని చూశాను. టీచరు ఆయన దగ్గర జీతం తీసుకునే మనిషి. అత్తకు వచ్చిన బెంగాలీ అంతా అయిపోయింది.

"కాదు" అన్నాను.

అందరూ తిరిగారు. బాబు కూడా తిరిగారు. ఆయనకు గుండ్రటి కళ్ళద్దాలు, జేబులో రెండు పెన్నులు. పారిపోకుండా కాళ్ళు అక్కడే ఉంచి మాట్లాడాను, అదొక్కటీ గుర్తుంది.

"ఆ గోడ కాళీది కాదండి. మేం సూసిన బొమ్మలు దాన్మీదున్నాయి. ముందు మిసను సూపించినాది కాబట్టి ఉన్నాయి. కొత్త రీలు వొత్తే అందులో ఏటుంటాదో నాకెలా తెలుస్తాది? నాను సూడంది ఈళ్ళకెలా సెప్పేది?"

టీచరు హిందీలో చెప్పారు. ఆయన తల ఊపి, కాగితం ఉంది కదా అన్నారు.

"కాగితం సదివితే మాయత్త గురక పెడతాదండి."

అత్త "ఒలే!" అంది. బాబు నవ్వారు. నవ్వితే ఇంకొంచెం ధైర్యం వచ్చింది.

"మిసను పాటం సెప్పదండి, మేమే సెప్పుకుంటాం. కానీ అది లేకపోతే అందరూ నా మొకమే సూత్తారు. నా మొకంలో పాటం నేదు. అందరం ఒకే యేపు సూడాలండి. అప్పుడు సెప్పేవోళ్ళకీ బయముండదు, ఇనేవోళ్ళకీ బయముండదు. దానికే ఆ మిసను."

టీచరు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు, మళ్ళీ చెప్పారు. నేను అన్నదానికంటే పొడుగ్గా చెప్పారనిపించింది. బాబు గోడ వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆయనకేం కనపడిందో.

"ఠీక్ హై" అన్నారు. "ఠీక్ హై, ఠీక్ హై." చక్రధర్‌పూర్‌కు వేరే మిషను అడుగుతారట. బల్బుకు తనే కలకత్తా మనిషిని పంపుతారట.

దారిలో అత్త, "గురక పెడతానా నాను?" అంది. మా క్వార్టరు చేరాక గుమ్మంలో చాప పరిచి కూర్చుని, పక్కన చేత్తో తట్టింది. కూర్చోమని. నేను అంచు మీద కూర్చున్నాను.

ఆగస్టు 4

గొంతు బొంగురుపోయింది. బంగాళాదుంపలు తెచ్చాను.

ఆగస్టు 10

బల్బు రాలేదు. గోడకేసి తిరిగి పాత బొమ్మలే చూశాం. కథలో ఒక ఆడపడుచును పెట్టమంది అత్త.

ఆగస్టు 31

బల్బు వచ్చింది, కొత్త రీలూ వచ్చింది. టీచరు కాగితం విప్పబోతే, ముందు మేం చూస్తామని అడిగాను. మడిచేశారు.

మొదటి బొమ్మ పడింది. దాలమ్మ పిన్ని, "ఏటే అది?"

నాకు తెలియలేదు. పెద్ద కొండ. చెట్టు లేదు, గడ్డి లేదు, పైనుంచి కిందిదాకా తెలుపు. అలాంటిది ఎన్నడూ చూడలేదు. ఏదో ఒకటి చెప్పేయొచ్చు, నమ్ముతారు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకూ తెలవదు పిన్నీ. తెల్ల కొండ. మీకెవరికైనా తెలుసేటి?"

గది విరుచుకుపడింది.

"ఉప్పు!" అంది అత్త.

"అంత ఉప్పెవులు తింటారొదినా? సున్నం రాయి."

"దూది ఆరబెట్టినారు."

"కొండ మీద దూది ఆరబెడతారేటే, గాలొత్తే?"

బొమ్మ మారింది. అదే కొండ మీద మనుషులు. ఎండ పడుతోంది, అయినా మూతులకు గుడ్డలు కట్టుకుని కంబళ్ళు కప్పుకున్నారు. ఎండలో కంబళి ఎందుకని అందరూ వాదించుకున్నారు. ఉప్పు ఘాటుకని అత్త. జ్వరమని ఇంకొకరు. అందరికీనా జ్వరం అని వేరొకరు. టీచరు కాగితం పట్టుకుని నవ్వుతూ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అయినా భయం వేయలేదు.

అప్పుడు పక్క వరసలోంచి సన్నగా ఒక గొంతు లేచింది. నూకాలమ్మ కోడలు. తాల్‌బగీచా నుంచి వస్తుంది, నెల దాటింది, పేరు అడిగినా తల వంచుకునేది.

"టేసన్లో సేపల బుట్టల మీద ఐసు ఏత్తారు కదా. నాను ముట్టుకున్నాను. అలగే ఉన్నాది. నీళ్ళే గట్టి పడిపోనాయేమో. సలికే కప్పుకున్నారు ఆళ్ళు."

అంత పొడుగు మాట ఆ పిల్ల నోట ఎవరూ విని ఉండరు. వాళ్ళత్త ముందు వరసలోనే ఉంది.

ఒక్కరూ ఆమె వైపు తిరగలేదు. అందరం కొండనే చూస్తున్నాం.